తంబి కూతుళ్ళు

ఆ ఏడు వినాయక చవితి నాటికి మా పెరట్లో రెండు పుంజులున్నాయి. ఒకటి ఎక్కువైంది.

ఎక్కువైందని చెప్పింది పక్కింటి మిసెస్ గో. ఆవిడ రిటైరైన టీచరు. గేటు బయటే నిలబడి, లోపలికి రమ్మన్నా రాకుండా చెప్పింది.

“వన్, ఐ కెన్ తహాన్. టూ, కెనాట్ లా.”

ఒకదాన్నయితే ఓర్చుకుంటాను, రెండైతే నా వల్ల కాదని. ఆవిడ తప్పేమీ లేదు. రెండు పుంజులూ తెల్లవారకముందే ఒకదాని మీద ఒకటి పోటీపడి కూసేవి. పగలు వల మీదకి ఎగిరి కొట్టుకునేవి.

మాది సింగపూర్‌లో బెడోక్ వైపు పాత వరస ఇళ్ళ సందు. అద్దె ఇల్లే కానీ నేల మీద ఇల్లు. వెనక మూడు మంచాలు పట్టేంత పెరడు. మాకు తెలిసిన తెలుగువాళ్ళందరూ ఫ్లాట్లలో ఉండేవారు. ఫ్లాట్లలో కోళ్ళు పెంచనివ్వరు.

అది 2006. ఆ సంవత్సరం నా ఫోను వారానికోసారైనా మోగేది. ఇంకో కంపెనీ, ఇంకో ప్రాజెక్టు. షెంటన్ వేలో ఒక బ్యాంకుకి సాఫ్ట్‌వేర్ రాయడం నా పని. ఎక్కడ తెలుగువాళ్ళు కలిసినా, సూర్యకుమారి గారూ, మా టీములోకి వస్తారా అని అడిగేవారు. మా ఆయన రమణని ఎవరూ ఏమీ అడగలేదు. ఆయన భీమవరం దగ్గర కాళ్ళ అనే ఊళ్ళో రొయ్యల చెరువుల మీద టెక్నీషియన్‌గా చేసేవాడు. నా వీసా మీద నా వెంట వచ్చాడు. వచ్చి మూడేళ్ళయింది. సింగపూర్‌లో రొయ్యలు తినేవాళ్ళున్నారు. రొయ్యల్ని పెంచేవాడితో ఎవరికీ పనిలేదు.

“ఏవయ్యా రమణా, ఇంట్లో కూచుని ఏం చేస్తున్నావు? గుడ్లు పెడుతున్నావా?” అని ఈశ్వరరావు గారు ఒక పుట్టినరోజు పార్టీలో అందరి ముందూ అడిగారు. ఆయనది పాలకొల్లు. పెద్ద ప్రాజెక్టు మేనేజరు. అందరూ నవ్వారు. రమణ కూడా నవ్వాడు.

కోళ్ళు మాకు వచ్చింది ఆ తర్వాతే. మా ఇంటికి అటుపక్కన అప్పలమ్మ గారని ఒకావిడ ఉండేది. ఆవిడ అమ్మానాన్నలు శ్రీకాకుళం నుంచి మలయా రబ్బరు తోటలకి వచ్చారు. ఆవిడ అక్కడే పుట్టి, పెళ్ళయ్యాక సింగపూర్ వచ్చింది. కొడుకు ఆ ఇల్లు అమ్మేసి జురాంగ్ వెస్ట్‌లో ఫ్లాటు తీసుకున్నాడు. వెళ్ళే ముందు అప్పలమ్మ గారు రెండు పెట్టల్నీ ఒక పుంజునీ తెచ్చి మా పెరట్లో వదిలింది. పుంజు పేరు తంబి. తమిళంలో తమ్ముడని.

ఆ పెట్టలు నీలం గుడ్లు పెట్టేవి. ఉతికి ఉతికి వెలిసిన స్కూలు చొక్కా రంగు. మా అమ్మాయి నందిత అప్పుడు ప్రైమరీ ఫైవ్. ఒక గుడ్డుని రుమాల్లో చుట్టి స్కూలుకి పట్టుకెళ్ళింది. అంతకుముందు మీ నాన్న ఏం చేస్తారని ఎవరైనా అడిగితే అది తల దించుకునేది. ఆ రోజు, మా నాన్న బ్లూ ఎగ్స్ చేస్తాడని క్లాసులో చెప్పిందట. టీచరు నమ్మక, గుడ్డుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, తడిపి, గోటితో గీకి చూసిందట. నందిత ఇంటికొచ్చి ఇదంతా ఇంగ్లీషులో చెప్పింది. రమణ గొడుగేసుకుని వెళ్ళి వానలో కోళ్ళగూడు కడగడం మొదలుపెట్టాడు.

తర్వాత ఒక పెట్ట చచ్చిపోయింది. రెండోది గుడ్లు మానేసింది. రెండూ ముసలివి. రమణ బస్సులు మారి ఊరి చివర లిమ్ చు కాంగ్‌లో కోళ్ళు పెంచే తోటలన్నీ తిరిగాడు. నీలం గుడ్లు పెట్టే కోళ్ళు ఎవరి దగ్గరా లేవు. ఒకాయన ఉన్నాయని లోపలికి తీసుకెళ్ళి బాతు గుడ్లు చూపించాడు. చివరికి ఒక తోటలో మామూలు గుడ్లు పెట్టే గోధుమరంగు పెట్టల్నీ, ఎర్రటి పుంజునొకదాన్నీ కొనుక్కొచ్చాడు.

ఆ వారమే అన్నం తింటూ, కంచంలోంచి తల ఎత్తకుండా నాతో చెప్పాడు.

“ఉగాదిలోగా మళ్ళీ ఒక నీలం గుడ్డు తీసి నందిత చేతిలో పెడతాను, కుమారీ. పెట్టలేకపోతే వెళ్ళిపోతాను. చెరువుల మీదకి రమ్మని మా వాళ్ళు అడుగుతున్నారు.”

“వెళ్తే మళ్ళీ ఎప్పుడొస్తారు?”

“ఇక్కడ నాకు చేతనయ్యింది ఇదొక్కటే,” అన్నాడు.

అలా వెళ్ళినవాళ్ళు నాకు తెలుసు. ముందు రెండు నెలలంటారు. తర్వాత పిల్లల సెలవులకి కలుస్తారు. తర్వాత ఆ ఇంట్లోవాళ్ళని ఎవరూ ఆయన సంగతి అడగరు.

*

పుంజుని ఎంచడానికి ఆదివారం ఈశ్వరరావు గారిని రమ్మన్నాడు రమణ. ఆయన కారు దిగుతూనే షూస్ విప్పి, ప్యాంటు మడిచి పెరట్లోకి నడిచారు. మేనేజరు పోయి పాలకొల్లు మనిషి వచ్చాడు. ఎర్ర పుంజుని పట్టుకుని రొమ్ము తడిమారు. రెక్క విప్పి ఈకలు చూశారు. కాళ్ళు సాగదీశారు. ముక్కు పట్టుకుని కంట్లోకి చూశారు.

“డేగరా బాబూ ఇది, అసలైన పందెం పుంజు! కన్ను చూడు, ఎలా నిప్పులు కక్కుతోందో. దీన్ని మన వైపు దింపితే బరిలో నిలబడేవాడుండడు.”

“నేనూ అదే అనుకున్నా అన్నయ్యా,” అన్నాడు రమణ.

తర్వాత తంబిని పట్టుకున్నారు. అది పారిపోలేదు. దాని ఒంటి రంగు ఫలానా అని చెప్పడానికి లేదు. మట్టిలో పొర్లిన కాకిలా ఉండేది. తురాయి సగం లేదు. ఒక కాలు ఈడ్చేది.

“ఇదేం పుంజయ్యా? రిటైర్‌మెంటు తీసుకున్న గుమాస్తాలా ఉంది.”

నందిత మెట్ల మీద కూచుని చూస్తోంది. “నాన్నా, తంబి కేమ్ ఫస్ట్. నాట్ ఫెయిర్ లా,” అంది.

“పుంజుదేముందమ్మా?” అన్నాడు రమణ. “జాతంతా పెట్టదే. మా తాత పందెం కోళ్ళు పెంచేవాడు. పుంజుల్ని అడిగినవాడికల్లా ఇచ్చేవాడు. పెట్టని మాత్రం కన్నకూతురు అడిగినా ఇచ్చేవాడు కాదు. పెట్ట మన దగ్గరుంటే జాతి మన దగ్గరున్నట్టే.”

“అదీ మాట,” అన్నారు ఈశ్వరరావు గారు. “పెట్ట మంచిదై, పుంజు జోరైందైతే చాలు. ఆ ముసల్ది ఒక్కసారి గుడ్లకొస్తే ఈ డేగతో నీ పని అయిపోతుంది.”

ఇద్దరికీ అందులో అనుమానం లేదు. వాళ్ళ ఊళ్ళలో ఎవరికీ ఉండదు. పందెం కోళ్ళ ఇళ్ళలో పెట్టని గడప దాటనివ్వరు. నేనూ ఆ వైపు దాన్నే. నాకూ అది సబబుగానే అనిపించింది.

తంబిని కంప్యూటర్ మానిటర్ వచ్చిన అట్టపెట్టెలో పెట్టి, పెట్టెకి పెన్నుతో చిల్లులు పొడిచి, ఈశ్వరరావు గారు కారు వెనకసీట్లో పెట్టుకుని తీసుకెళ్ళారు.

తర్వాతి శనివారం వాళ్ళింట్లో పార్టీ. ఆయన ప్రాజెక్టు లైవ్‌కి వెళ్ళింది. గారెలు, నాటుకోడి పులుసు. ఇక్కడి మార్కెట్లో దొరికేది బ్రాయిలర్ కోడే. ఏళ్ళ తరబడి దాన్నే తింటున్నవాళ్ళం. గిన్నె మూత తియ్యగానే హాల్లో మాటలు ఆగిపోయాయి. అందరికీ తలా రెండు ముక్కలొచ్చాయి. నేను తిన్నాను. నందిత గారెలు మాత్రం తింది.

“ఇంకాస్త ఉడకాలన్నయ్యా. ముదురు పుంజు కదా,” అన్నాడు రమణ, ఎముక పక్కన పెడుతూ.

“నీకు ఇక్కడ పనిలేదన్నదెవడు రమణా?” అన్నారు ఈశ్వరరావు గారు. “నెలకో పుంజుని తయారుచెయ్యి. ఇక్కడి గ్రీన్ కార్డు, అదే పీఆర్, మేమిప్పిస్తాం.”

ఆ నవ్వుల్లో రమణ గొంతు కూడా వినిపించింది.

ఆ వారంలోనే గోధుమ పెట్టల్లో ఒకటి పొదుగుకి కూచుంది. ఎంత తోలినా లేవలేదు. సరే కూచోనీ అని, వంటింట్లో గిన్నెలో ఉన్న గుడ్లు దాని కింద పెట్టాడు రమణ. అవి గోధుమ పెట్టల గుడ్లే. వాటి మీద ఆయనకి ఏ ఆశా లేదు. నీలం గుడ్ల పెట్ట మళ్ళీ గుడ్లకొచ్చేలోగా పొదుగు కోడి అలవాటు తప్పకుండా ఉంటుందని పెట్టాడు. పిల్లలు లేచాయి. పుంజుపిల్లల్ని కోళ్ళమ్మిన తోటవాడికి ఇచ్చేశాక మూడు పెట్టపిల్లలు మిగిలాయి.

*

నవంబరులో వానలు మొదలయ్యాయి. ఆఫీసు నుంచి వచ్చేసరికి రమణ పెరట్లో బోర్లించిన బకెట్ మీద కూచుని ఉండేవాడు. ముసలి పెట్టకి గోధుమలు మొలకెత్తించి పెట్టేవాడు. పెంకు పొడి, చేపల తలలు, వెల్లుల్లి పెట్టేవాడు. అది తినేది. గుడ్డు పెట్టేది కాదు. గూట్లో దాని అడుగున చెయ్యి పెట్టి చూసేవాడు. చెయ్యి తీసి ప్యాంటుకి తుడుచుకునేవాడు.

“ఏమైనా ఉందా?” అని మొదట్లో అడిగేదాన్ని. తర్వాత మానేశాను.

డిసెంబరులో ఒకరోజు వచ్చేసరికి గూటి వెనక, కాలవ వైపు, వల చిరిగి ఉంది. కొండచిలువ కాలవలోంచి వచ్చింది. ఈ ఊళ్ళో కాలవల్లో అవి మామూలే. నాలుగు ఈకలు తప్ప ముసలి పెట్టది ఏమీ మిగల్లేదు. డేగ పుంజు పైకప్పు మీద ఎక్కి కూచుంది. రమణ అదే బకెట్ మీద, వానలో, గొడుగు లేకుండా కూచున్నాడు.

“లోపలికి రండి.”

“వస్తాను.”

“జ్వరం వస్తుందండీ.”

“వస్తానన్నానుగా.”

నేను గొడుగు తెచ్చి పక్కన నిలబడ్డాను. ఇద్దరికీ చాలలేదు. మిసెస్ గో వాళ్ళ కిటికీ తెర తీసి చూసి, మళ్ళీ వేసేసింది.

ఆ తర్వాత ఆయన గడ్డం గీసుకోవడం మానేశాడు. నందితని బస్సు దాకా దించడం మానలేదు. తిరిగొచ్చి మంచం మీద పడుకునేవాడు. మధ్యాహ్నం ఫోన్ చేస్తే, తిన్నానని చెప్పేవాడు. సాయంత్రం నేను పొయ్యి మీద గిన్నె మూత తీస్తే, పొద్దున్న నేను పెట్టినట్టే ఉండేది. డాక్టరు దగ్గరికి వెళ్దామన్నాను. నాకేం రోగమని అడిగాడు. ఏమని చెప్పను? కోళ్ళకి మేత వెయ్యడం మాత్రం ఏ రోజూ తప్పలేదు.

నేను ఇంటర్నెట్‌లో వెతికాను. నీలం గుడ్ల జాతులు చైనాలో ఉన్నాయి, అమెరికాలో ఉన్నాయి. బర్డ్ ఫ్లూ భయం రోజులవి. ఏ దేశం నుంచీ ఒక గుడ్డైనా తెప్పించుకునే దారి కనబడలేదు.

*

చైనీస్ న్యూ ఇయర్‌కి ముందు అప్పలమ్మ గారు వచ్చింది. కొడుకు ఈ వైపు పనిమీద వస్తే, తన కోళ్ళని చూడాలని వెంట వచ్చిందట. సంచిలో కొబ్బరి కోరుతో చేసిన కువే ముక్కలు తెచ్చింది. పెరటి మెట్టు మీద కాళ్ళు జాపుకుని కూచుంది. రమణ గింజల డబ్బా పట్టుకుని మేత వేస్తున్నాడు. మేం ముసలి పెట్ట సంగతి చెప్పాం.

“పాము పట్టీసిందా? సర్లె బాబూ, ఏటి సేత్తాం. దానికీ నాకూ ఒకటే ఈడు. నన్నింకా ఏ పామూ అడగలేదు.”

నందిత నవ్వింది. అది నవ్వితే అప్పలమ్మ గారికి ఉత్సాహం వచ్చింది.

“ఈ తెలూర్ బిరు, ఈ నీలం గుడ్లు, మా ఇంట్లోకి ఎలాగొచ్చాయో తెలుసా నీకు? మా అత్త కాపరంలో అన్నీ మామూలు పెట్టలే. ఇలాటి గోధుమవే. మా కంపోంగ్‌లో, ఆ పల్లెలో, ఒక చీనా ముసలోడుండీవోడు. ఆడి ఇంట్లో నీలం గుడ్లు పెట్టీవి. పెట్టని ఇయ్యరా అంటే ఇయ్యడు. ఒక పుంజుని మాత్రం అరువిచ్చినాడు. నెల్లాళ్ళుంచుకుని తిరిగిచ్చీసింది మా అత్త. మరుసటేడు సూడు, పెట్టపిల్లలన్నీ రంగు గుడ్లే. కొన్ని పచ్చగా పెట్టాయి, కొన్ని నీలంగా పెట్టాయి. పెట్టలన్నీ మావే. పుంజొక్కటే ఆడిది.”

రమణ డబ్బా వంచి గింజలు పోస్తున్నాడు. పోస్తూనే ఉన్నాడు. గింజలు ఒకేచోట కుప్ప పడ్డాయి. కోళ్ళు చుట్టూ చేరాయి. డబ్బా ఖాళీ అయ్యాక కూడా అలాగే వంచి పట్టుకున్నాడు.

“అవునుగాని, తంబి ఏడీ? కనబడ్డేం?” అంది అప్పలమ్మ గారు.

రమణ ఖాళీ డబ్బాకి మూత పెట్టాడు.

“ఏట్ ఆల్రెడీ, అవ్వా,” అంది నందిత. తినేశారని.

“ఎవలు? పామా?”

“నో. అస్.”

అప్పలమ్మ గారు మా ముగ్గురి మొహాలూ చూసింది. పెట్టుడు పళ్ళు నాలుకతో సర్దుకుంది.

“సర్లె. కోడన్నాక తినకేటి సేత్తారు?” అంది. పెరట్లోకి చూసి, “మరా మూడు పిల్లలెవలివి?” అని అడిగింది.

“తెలీదండీ,” అన్నాడు రమణ. ఆయన గొంతు నాకే సరిగ్గా వినపడలేదు. “అప్పుడు రెండు పుంజులూ ఇక్కడే ఉన్నాయి. ఆ గుడ్లు తంబివైనా కావచ్చు. డేగవైనా కావచ్చు.”

“పెడితే తెలుస్తాది,” అంది అప్పలమ్మ గారు. లేచి, మూడు పిల్లల్నీ ఒక్కొక్కదాన్నీ ఎత్తి, తల నిమిరి, కింద పెట్టింది. 

ఆ సాయంత్రం రమణ గడ్డం గీసుకున్నాడు. ఆ మూడింటికీ వేరే గూడు కట్టాడు. కాలవ వైపు రెండు వరసల ఇనప వల బిగించాడు. మర్నాటి నుంచి ఇంట్లో మాటలన్నీ వాటి గురించే. గుడ్లకొచ్చేముందు మొహం ఎర్రబడుతుందట, పెద్దదానికి ఎర్రబడిందా? రెండోది గూట్లో గడ్డి గీరుతోందా? మూడోది అన్నిటికన్నా చిన్నది, బూడిదరంగుది. అది ఇంకా పిల్లచేష్టలు మానలేదు. గోధుమరంగు పెట్టకి పుట్టిన దానికి బూడిదరంగు ఎక్కడిదని నందిత అడిగితే, ఆశ పెట్టుకోవద్దన్నట్టు రమణ చెయ్యి ఊపాడు. ఈక రంగుకీ గుడ్డు రంగుకీ సంబంధం లేదన్నాడు. అని, వెళ్ళి దాన్నే చూస్తూ కూచున్నాడు.

ఫిబ్రవరి చివర్లో పెద్దది గుడ్డు పెట్టింది. గోధుమరంగు.

పది రోజులకి రెండోది పెట్టింది. గోధుమరంగు.

రమణ రెండింటినీ వంటింటి గిన్నెలో వేశాడు. వెళ్ళి సెరంగూన్ రోడ్డులో ట్రావెల్స్ వాడి దగ్గర టికెట్ తీసుకున్నాడు. ఉగాది మంగళవారం. టికెట్ ఆ శనివారానికి.

“మూడోది ఉందిగా?” అన్నాను.

“దానికి మొహమే ఎర్రబడలేదు. వేసవి దాటేదాకా పెట్టదు.”

“దాటేదాకా ఆగండి.”

“ఆగి?” అన్నాడు. సూట్‌కేసు జిప్పు సరిగ్గా పడటం లేదని దానికి కొవ్వొత్తి మైనం రాస్తున్నాడు. “అది కూడా గోధుమరంగు పెడితే ఆ పిల్లకి నా మొహం ఎలా చూపించను? అది స్కూల్లో చెప్పుకుంది కుమారీ.”

*

ఉగాదికి ముందు ఆదివారం నేను బెడోక్ మార్కెట్‌కి వెళ్ళాను. గుడ్లమ్మే ముసలాయన దగ్గర నల్లటి బూడిద పూసిన గుడ్ల తట్ట ఉంది. పక్కన కడిగిపెట్టినవి కొన్ని ఉన్నాయి. బాతు గుడ్లు. పెంకు తెల్లదే కానీ నీడలో పెడితే నీలం కనబడుతుంది. ఒక్కొక్కటే తీసి వెలుతురులో తిప్పి చూశాను. అన్నిటికన్నా నీలంగా ఉన్నదాన్ని, చిన్నగా ఉన్నదాన్ని ఏరాను. ముసలాయన హొక్కియెన్‌లో ఏదో చెప్పాడు. నాకు అర్థం కాలేదు. గుడ్డుని పేపర్లో చుట్టి ఇచ్చాడు.

రమణ స్నానానికి వెళ్ళినప్పుడు దాన్ని బూడిదరంగు పిల్ల గూట్లో గడ్డి మీద పెట్టాను. చేతులు కడుక్కుని వచ్చి కూరగాయలు తరిగాను.

ఆయన పెరట్లోకి వెళ్ళాడు. చాలాసేపు రాలేదు. వచ్చి, ఫ్రిజ్ తెరిచి, మూశాడు. నందితని పిలవలేదు. నేను వంకాయలు తరుగుతూనే ఉన్నాను. తరగాల్సినవాటికన్నా ఎక్కువ తరిగేశాను.

మధ్యాహ్నం నందిత స్నేహితురాలి ఇంటికి వెళ్ళాక, “కుమారీ, ఇలా రా,” అని వంటింట్లోంచి పిలిచాడు.

స్టవ్ మీద పెనం ఉంది. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ తరిగిపెట్టి ఉన్నాయి. నేను పెట్టిన గుడ్డు ఆయన చేతిలో ఉంది. గిన్నె అంచుకి కొట్టాడు. తెల్లసొన నీళ్ళలా జారింది. పచ్చసొన చెదరలేదు. గోళీకాయలా గిన్నెలో దొర్లింది. ఇద్దరం దాన్ని చూశాం. ఆయన చెంచాతో దాన్ని చిదిపి, ఉల్లిపాయలు కలిపి, అట్టులా పోశాడు. రెండు ముక్కలు చేసి రెండు ప్లేట్లలో పెట్టాడు.

“తిను,” అన్నాడు.

ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను. ఉప్పు. మింగడం కష్టమైంది.

“నేను ఉప్పు వెయ్యలేదు,” అన్నాడు రమణ.

నేను నీళ్ళ గ్లాసు అందుకున్నాను.

“ఎక్కడ కొన్నావు?”

“బెడోక్‌లో.”

“నీలంగా ఉన్నదాన్ని ఏరావా?”

“ఊఁ.”

“ఊరబెట్టిన బాతు గుడ్డు కుమారీ ఇది. బూడిదలో, ఉప్పులో ఊరేస్తారు. లిమ్ చు కాంగ్‌లో తట్టలకొద్దీ చూపించారు నాకు.” ఇంకో ముక్క కోసి నోట్లో పెట్టుకున్నాడు. “ఆ పిల్ల ఒళ్ళు చూశావా? అది ఇంత గుడ్డు పెట్టాలంటే ఆపరేషన్ చెయ్యాలి. పైగా ఉప్పు కూడా వేసి పెట్టిందా?”

నాకు నవ్వొచ్చింది. ఆయనకీ వచ్చింది. ఎన్ని నెలలకో ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే ఆయన ఎడమచెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకున్నాడు. చెయ్యి తియ్యకుండా కుడిచేత్తో ప్లేటులోది మొత్తం తిన్నాడు. నేనూ తిన్నాను. తర్వాత ఇద్దరం చాలా మంచినీళ్ళు తాగాం.

టికెట్ రద్దు చేసుకోలేదు.

మంగళవారం ఉగాది పచ్చడి చేశాను. శనివారం ఎయిర్‌పోర్టుకి వెళ్ళాం. నందిత ఆయన నడుం పట్టుకుని, “నాన్నా, యూ కమ్ బ్యాక్ వెన్?” అని అడిగింది. మూడోదానికి పెంకు పొడి మర్చిపోకండని ఆయన చెప్పాడు. అడిగినదానికి జవాబు అదే.

*

కోళ్ళ పని నాకు పడింది. ట్రైన్‌కి వెళ్ళేముందు మేత వేసి, నీళ్ళు మార్చి, ఆఫీసు బట్టల మీద గడ్డి దులుపుకుని వెళ్ళేదాన్ని. రమణ రెండు రోజులకోసారి ఫోన్ చేసేవాడు. చెరువుల్లో రొయ్యపిల్ల వేశామని, ఎండలు ముదిరాయని చెప్పేవాడు. కోళ్ళ సంగతి అడిగేవాడు కాదు. మాట్లాడుకోవడానికి ఉన్నవి ఒక్కో వారం తగ్గుతున్నాయి.

గుడ్ ఫ్రైడే సెలవు. నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. చిన్న గూట్లోంచి అరుపు వినబడింది. బూడిదరంగు పిల్ల గూట్లోంచి దూకి, మెడ చాపి, వీధంతా వినబడేలా అరుస్తోంది. గడ్డిలో గుడ్డు ఉంది. చిన్నది, నిమ్మకాయంత. గోధుమరంగు కాదు. పెసలు నానబోసి, పొట్టు తీస్తే నీళ్ళకి ఒక రంగొస్తుంది. ఆ రంగు.

తడిసిన చొక్కా చేతిలో ఉండగానే నందితని పిలిచాను. అది వచ్చి చూసింది. “గ్రీన్, లా,” అంది. తర్వాత, “అమ్మా, అవ్వ సెడ్ గ్రీన్ ఆల్సో. రిమెంబర్?” అంది.

గుర్తుంది. కొన్ని పచ్చగా పెట్టాయి, కొన్ని నీలంగా పెట్టాయి.

ఫోన్ కార్డు గీకి నంబరు కొట్టాను. రెండుసార్లు తప్పు కొట్టాను. అవతల చెరువు గట్టు మీద మోటార్ల చప్పుడు.

“మూడోది పెట్టిందండీ,” అన్నాను.

“ఊఁ.”

“పచ్చగా ఉంది. ఆకుపచ్చ. ఇది తంబి కూతురండీ.”

మోటార్ల చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. తర్వాత ఆయన నవ్వాడు. ఆ నవ్వులో కోపం లేదు.

“ఈసారి ఏ మార్కెట్లో కొన్నావు?”

“కొనలేదు. నా మీద ఒట్టు.”

“సరే. ఉప్పగా ఉందేమో చూసి చెప్పు.”

“నిజమండీ. ఇప్పుడే పెట్టింది. నేను చూస్తుండగా...”

“కుమారీ,” అన్నాడు. “నువ్వు ఎందుకు చెబుతున్నావో నాకు తెలుసు. మేత వేసే టైమైంది. సాయంత్రం చేస్తాను.”

 ఇంకో మాట అంటే, అది కూడా ఆ బాతు గుడ్డులాంటిదే అవుతుంది. ఫోన్ పట్టుకుని నిలబడ్డాను. నందిత వచ్చి నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, స్పీకర్ నొక్కి, మెట్టు మీద పెట్టింది. గుడ్డు దాని చేతిలోనే ఉంది.

“నాన్నా, ఇట్స్ రియల్.”

 అక్కడెవరో, రమణగారూ, మేత బస్తాలు విప్పమంటారా అని అరిచారు. ఉండరా అని ఈయన అరిచాడు.

“నీ చేతిలో ఉందామ్మా?” అని అడిగాడు.

“యా.”

“వెచ్చగా ఉందా?”

నందిత గుడ్డుని రెండు చేతుల మధ్యా పెట్టి మూసింది. చెంపకి ఆనించి చూసింది. దానికి తెలుగు అర్థమవుతుంది. జవాబెప్పుడూ ఇంగ్లీషులోనే చెబుతుంది.

“వెచ్చగా ఉంది నాన్నా,” అంది.

మోటార్ల చప్పుడు తగ్గింది. ఆయన ఎటో దూరంగా నడుస్తున్నట్టున్నాడు.

“అలాగే పట్టుకునుండు,” అన్నాడు.

నందిత అలాగే పట్టుకుని నిలబడింది. బూడిదరంగు పిల్ల అరుపు ఆపి మేత దగ్గరికి వెళ్ళిపోయింది. ఫోను ఆయనా పెట్టలేదు, మేమూ పెట్టలేదు.